మెరిసే టంకం, పట్టని రాగి: సోల్డర్ స్లీవ్‌లతో నాలుగేళ్లు

రెండు వైర్ల కొసలను లోపల చేర్చి వేడి చేస్తే, బిగుసుకుంటూ లోపలి టంకంతో వాటిని అతికించే పారదర్శకమైన చిన్న గొట్టాలు సోల్డర్ స్లీవ్‌లు. వాటిలో గొప్ప సుగుణం ఆ పారదర్శకతే అని నేను చాలాకాలం నమ్మాను, అడిగినవారికీ అడగనివారికీ చెప్పాను. నాలుగేళ్ల వాడకం తరువాత నా కోపమంతా ఇప్పుడు ఆ సుగుణం మీదే. వేడిగాలి ఊదే హీట్ గన్ వేడి తగిలాక గొట్టం నడుమనున్న టంకం కరిగి వెండిలా మెరుస్తుంది, ఆ మెరుపు చూసి పని పూర్తయిందని గన్ ఆపేస్తాం. టంకం కరిగిన సంగతి గొట్టంలోంచి కనిపిస్తుంది గాని, అది రాగికి పట్టిందో లేదో కనిపించదు. ఈ చిన్న తేడా నాకు బోధపడటానికి కారు ఇంజనుకు పెట్రోలు అందించే పంపు ఒకటి అవసరం లేకుండా కొనవలసి వచ్చింది, భాకరాపేట ఘాటులో మూడుసార్లు బండి ఆపుకొని కూర్చోవలసి వచ్చింది.

2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానలను ఈ ఊరివారికి గుర్తుచేయనక్కరలేదు. మా వీధిలో నిలిచిన నీరు నా కారు తలుపుల అంచు దాటి లోపలికి చేరి, ఒక రాత్రి, మరుసటి పగలు అక్కడే ఉంది. అదృష్టవశాత్తు ఇంజనుకు ఏమీ కాలేదు. కాని కార్పెట్ కింద పరిచిన వైర్లలో రెండు నెలలకే పచ్చటి చిలుము మొదలై, ఒకరోజు వెనుక లైటు, మరొకరోజు డోరు లాకు, ఇంకొకరోజు పవర్ విండో పనిచేయడం మానేసేవి. మా పేటలోని ఎలక్ట్రీషియన్ ప్రతిసారీ వైర్లు మెలిపెట్టి నల్ల టేపు చుట్టి పంపేవాడు. రోహిణి కార్తె వచ్చేసరికి ఆ టేపు జిగురు కారి, విడిపోయి, చేతికి అంటుకునే ముద్దగా మారేది. విసిగిపోయి, ఒక పెట్టెడు స్లీవ్‌లు, ఒక హీట్ గన్ తెప్పించుకొని ఆదివారాలు నేనే పనిలోకి దిగాను. ఏ రంగు పట్టీ ఏ మందం వైరుకో, ఎంత ఇన్సులేషన్ ఒలవాలో పెట్టె మూత మీదే ఉంటుంది కనుక ఇక్కడ రాయను. సిగరెట్ లైటరు చాలునని చెప్పేవారి మాట మాత్రం వినవద్దు. మంట తగిలిన వైపు గొట్టం మాడిపోతుంది, అవతలి వైపు టంకం ఇంకా గట్టిగానే ఉంటుంది.

మొదట్లో నన్ను సంతోషపెట్టినవి గొట్టం రెండు చివర్లలోని ఆ రంగు పట్టీలే. అవి సైజు గుర్తులని మాత్రమే అనుకున్నాను, తీరా చూస్తే వేడికి కరిగే జిగురు. గొట్టం బిగుసుకునేటప్పుడు అది వైరు చుట్టూ పాకి నీరు చొరకుండా మూసేస్తుంది. పాకాల దగ్గర మా మామగారి ట్రాక్టరు ట్రెయిలర్‌కు వెనుక లైట్ల వైర్లను 2022 వేసవిలో ఈ స్లీవ్‌లతోనే అతికించాను. ఆ ట్రెయిలర్ పేడ ఎరువు మోస్తుంది, మామిడి కాలంలో తోతాపురి కాయలను చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు మోసి గేటు ముందు రాత్రంతా వరుసలో నిలుస్తుంది, వాన పడితే బురదమడిలో దిగబడుతుంది. నిరుడు దానికి కొత్త లైట్లు వేసేటప్పుడు పాత జాయింటును బ్లేడుతో కోసి చూశాను. మూడు వానాకాలాలు గడిచినా లోపలి రాగి తోమిన బిందెలా ఎర్రగా ఉంది. ఆ ముక్కను మా బావమరిదికి చూపిస్తూ నేను పడిన గర్వం ఇంతా అంతా కాదు. అతడు మరునాడే తనకూ ఒక పెట్టె కావాలన్నాడు.

ఆ గర్వంలో ఉండగానే, మే నెలలో మా అమ్మను మదనపల్లెలో ఒక పెళ్లికి తీసుకువెళుతున్నప్పుడు, భాకరాపేట ఘాటు ఎక్కుతూ కారు రెండుసార్లు దగ్గినట్టు కుదిపి ఆగిపోయింది. అంతకు ముందు రెండు మూడు మలుపుల నుంచే ఎక్సలరేటర్ తొక్కినా బండి లాగడం లేదు. లారీ వెనుక రెండో గేరులో, ఏసీ వేసుకొని పోతున్నాం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. టైరు కింద రాయి పెట్టి, అమ్మను కొండ వైపు నీడలో కూర్చోబెట్టి, ఇరవై నిమిషాలు తెలిసినవారికందరికీ ఫోను చేశాను. చివరికి ఊరికే ఒకసారి తాళం తిప్పి చూస్తే ఏమీ జరగనట్టు స్టార్టయింది. మదనపల్లె దాకా, తిరుగు ప్రయాణంలో ఇంటి దాకా ఏ తకరారూ లేదు. ఏడుకొండలవాడే చూసుకున్నాడని అమ్మ తేల్చేసింది.

నేను ఎప్పుడూ చూపించే మెకానిక్ అరగంట నడిపి చూసినా లోపం దొరకలేదు. వేడెక్కితే ఆగి, చల్లారితే నడుస్తోందంటే పెట్రోలు పంపే అయివుంటుందని మార్చేశాడు. కూలితో కలిపి ఎనిమిది వేలు. రెండు వారాల తరువాత మళ్లీ అదే ఘాటు, ఇంచుమించు అదే మలుపు. ఈసారి పంపుకు కరెంటు కలిపే స్విచ్చులాంటి రిలే మార్చాడు. మూడోసారి కూడా ఆగాక, నేనే వెనుక సీటు ఎత్తి పంపు వైరు చూశాను. అక్కడ 2022లో నేను వేసిన జాయింటు ఉంది. దానికి ఇరువైపులా సూదులు గుచ్చి మల్టీమీటరు పెడితే, వైరు తెగలేదని చెప్పే కంటిన్యుటీ బీప్ చక్కగా మోగింది. గొట్టంలో టంకం మెరుస్తోంది. జాయింటు నా చేతిది, పైగా మెరుస్తోంది, పైగా మీటరు మోగింది. ఇక అనుమానించడానికి ఏముంది?

చివరికి రేణిగుంట రోడ్డులో లారీలకు వైరింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాను. కంటిన్యుటీ చూశానని నేను గొప్పగా చెబితే ఆయన నవ్వాడు. "పని చేసేటప్పుడు చూడాల సామీ. ఊరికే నిలబడుకోనుండేవాడు మూట మోస్తాడో లేదో ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు. ఇంజను స్టార్టు చేయించి, ముప్పావు గంట నడవనిచ్చి, అప్పుడు మీటరును వోల్టులలో పెట్టి, నేను గుచ్చిన చోటే సూదులు గుచ్చాడు. మంచి జాయింటు మీద అక్కడ వోల్టులో నూరో వంతులు మాత్రమే కనిపించాలి. కనిపించినది 1.6 వోల్టులు. ఆ వైరులో పోయే కరెంటు 4 ఆంపియర్లనుకుంటే, ఆరు వాట్లకు పైగా ఆ అంగుళం గొట్టంలోనే వేడిగా మారుతోంది. ఇంట్లో వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ పాతిక వాట్లదని తలచుకుంటే ఇది తక్కువేమీ కాదు. జాయింటు మీద వేలు నిలవలేదు. వేడెక్కేకొద్దీ లోపలి స్పర్శ సడలుతుంది, పంపుకు చేరే వోల్టేజీ తగ్గుతుంది, పెట్రోలు చాలక ఇంజను ఆగుతుంది. చల్లారగానే తీగపోగులు మళ్లీ ఆనుకుంటాయి. మీటరు బీప్‌కు కావలసినది అతి స్వల్పమైన కరెంటు కనుక, ఒక్క పోగు తగిలివున్నా అది మోగుతుంది.

గొట్టం కోసి చూస్తే టంకం ఒక పక్కన నత్తగుల్లలా ముద్దకట్టి ఉంది. గోటితో గిల్లితే ఊడి చేతిలోకి వచ్చింది. దాని కింద రాగి నల్లగా ఉంది. వరద నీరు ఇన్సులేషన్ లోపలే పాకి చాలా దూరం పోగులను నల్లబరిచిందని నాకు అప్పట్లో తెలియదు. ఒలిచిన చోట పైపైన బ్లేడుతో గీకి, మెలిపెట్టి, స్లీవ్ తొడిగాను. ఇటువంటి స్లీవ్‌లలో సాధారణంగా వాడేది తగరం, బిస్మత్ కలిసిన టంకం. దాని ప్రసిద్ధమైన మిశ్రమం 138 డిగ్రీలకే కరుగుతుంది. మామూలు తగరం-సీసం టంకానికి 183 డిగ్రీలు కావాలి. త్వరగా కరగడం గొట్టానికి మేలే గాని, నల్లబడిన రాగిని శుభ్రం చేయడం టంకం పట్టేందుకు లోహాన్ని శుభ్రం చేసే ఫ్లక్సు అందులో ఉన్న కాస్తకు మించిన పని. ఇది విని మా వీధి చివర నగల పని చేసే ఆచారి ఆశ్చర్యపోలేదు. "మురికి మీద టంకం నిలవదన్నా, మేము వెలిగారం పూసేది ఎందుకనుకున్నావు?" అన్నాడు. ఈ స్లీవ్‌లు విమానాల వైరింగులో కేబుళ్ల లోహపు అల్లికకు ఎర్తు వైరు అతికించడానికి ఎప్పటినుంచో వాడుకలో ఉన్నవి. అక్కడ తీగ కొత్తది, వేడి కొలిచి ఇచ్చేది. నా తీగ వరదలో నానినది, నా వేడి కంటి అంచనా.

ఇందులో స్లీవ్ తప్పు కన్నా నా తప్పే ఎక్కువని ఒప్పుకోవాలి. పెట్రోలు ట్యాంకు మూతకు జానెడు దూరంలో హీట్ గన్ వాడటమే బుద్ధిలేని పని, ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ భయంతోనే, టంకం మెరవగానే, అది తీగలోకి ఇంకేదాకా ఆగకుండా గన్ తీసేసినట్టు గుర్తు. పెద్దాయన ఎర్ర రాగి కనిపించేదాకా మూరెడు వైరు కత్తిరించేసి, కొత్త వైరు వేసి, ట్యాంకుకు దూరంగా డోరు అంచు దగ్గర క్రింపింగ్ చేశాడు, అంటే టంకం లేకుండా వైర్లను లోహపు తొడుగులో పెట్టి ప్లయరుతో నొక్కి బిగించాడు. ఆ తరువాత ఘాటు నాలుగుసార్లు ఎక్కాను, ఎక్కడా ఆగలేదు.

ఈ జాయింట్లు ఎవరైనా వేయవచ్చునని బావమరిదికి చెప్పిన మాటకు ఇప్పుడు "రాగి ఎర్రగా ఉంటే" అని చేర్చుతున్నాను. కంటితో చూసి నిర్ధారించుకోవచ్చన్న మాటను మాత్రం పూర్తిగా వెనక్కి తీసుకుంటున్నాను. కదిలే చోట కూడా వాడవద్దు. డిక్కీ తలుపు మడత దగ్గర నంబరు ప్లేటు లైటు వైరు సరిగ్గా స్లీవ్ అంచున తెగింది. టంకం ఇంకి గట్టిపడిన భాగం వంగదు, వంపంతా దాని పక్కనే పడుతుంది. జిగురు సీలు గురించి చెప్పిన మంచి మాత్రం అలాగే ఉంది.

నేను నెలకు మూడు నాలుగు వందల కిలోమీటర్లకు మించి నడపను, కారు ఆరుబయట ఉంటుంది, ఆదివారాలు ఖాళీ. రోజూ అద్దెకు తిప్పే బండి అయితే, లేదా నీట మునిగిన బండి అయితే, నేను మొదట క్రింపింగ్ ప్లయర్ కొంటాను. కొత్త హారనో, అదనపు లైటో బిగించుకునేవారికి ఒక్కోటి పది రూపాయల లోపు పడే ఈ స్లీవ్‌లు బాగానే పనికిరావచ్చు. నా కారులో ఇంకా ఐదు పాత జాయింట్లు ఉన్నాయి. పెద్దాయన పద్ధతిలో హెడ్‌లైట్లు వెలిగించి వాటి వైరులోని రెండింటిని కొలిచాను. ఒక దాని మీద 0.03, మరొక దాని మీద 0.04 వోల్టులు కనిపించాయి, వాటి జోలికి పోలేదు. వెనుక తలుపు పవర్ విండో వైరులోని మూడింటిని ఇంకా కొలవలేదు, అప్పటిదాకా ఆ అద్దం దించవద్దని పిల్లలకు చెప్పాను.