లోపల 36 బస్తాలు: డకోటా మోడల్ కిట్ మీద మూడేళ్ల తర్వాత నా మాట

డకోటా అనే పాత సరుకు విమానం బొమ్మను ప్లాస్టిక్ ముక్కలు అంటించి మనమే కట్టుకునే కిట్ ఇది. కొనమంటారా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా. విమానం తలుపు తీసి ఉంచే ఉద్దేశం లేకపోతే లోపలి భాగాల కోసం విడిగా అమ్మే సెట్టు జోలికి పోకండి, డబ్బు దండగ. తీసి ఉంచుతానంటే మాత్రం దీన్ని మించిన కాలక్షేపం నాకైతే తెలియదు.

మాది రాజోలు. సెల్‌ఫోన్లు రిపేరు చేసే షాపు. పట్టకారు, భూతద్దం లైటు, సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ బల్ల మీదే ఉంటాయి. ఆ ధైర్యంతోనే మూడేళ్ల కిందట 1/72 స్కేలు డకోటా తెప్పించాను. ఒకే అచ్చు రకరకాల కంపెనీల పెట్టెల్లో అమ్ముడవుతూ ఉంటుంది, కాబట్టి పెట్టె మీద పేరు ఇక్కడ రాయడం లేదు. సి-47 అని ఉన్నా డకోటా అని ఉన్నా విమానం ఒకటే. మొదటిది అమెరికా వాళ్ల లెక్క, రెండోది బ్రిటిష్ వాళ్లు పెట్టిన పేరు, మన వైమానిక దళంలో స్థిరపడిందీ అదే. అసలు విమానం రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 29 మీటర్లు. మన బల్ల మీద 40 సెంటీమీటర్లు. కిట్‌కు నాలుగు వేలు దాటింది. లోపలి కోసం విడిగా అమ్మే రెసిన్ ముక్కలకు, ఇత్తడి రేకు ముక్కలకు ఇంకో రెండు వేలు. షాపులో గిరాకీ లేని వేళల్లో కూర్చుంటే పూర్తి కావడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

భాగాలు చక్కగా కూర్చున్నాయి, ఒక్క చోట తప్ప. శరీరం రెండు సగాల్లో ఒకటి కొద్దిగా మెలి తిరిగి వచ్చింది. ఎండల్లో పార్సిల్ ఎక్కడ పడి ఉందో ఏమో. వేడినీళ్లలో ముంచి, చేత్తో సరిచేసి, రబ్బరు బ్యాండ్లు వేసి రెండు రోజులు ఉంచితే దారికొచ్చింది. లోపలి గోడల మీద మాత్రం అచ్చులోంచి ముక్కను బయటికి నెట్టే పిన్నుల గుంటలు వరసగా ఉన్నాయి. పక్కటెముకల్లాంటి పట్టీల మధ్య వాటిని పూడ్చి, గరుకు కాగితంతో రుద్దడానికే రెండు వారాలు పోయాయి. తీరా సగాలు అంటించాక అందులో నాలుగో వంతు కూడా కనపడలేదు. కాక్‌పిట్‌లో ఇత్తడి సీటు బెల్టులు మడిచి మడిచి నా కళ్లు లాగేశాయి. ఇప్పుడు అవి ఉన్నాయని నాకు, ఆ దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు.

లోపలి రంగు విషయంలో ఒక మాట. సూచనల కాగితంలో చెప్పిన పచ్చ వేస్తే చీకట్లో నల్లగానే కనిపిస్తుంది. దానిలో తెలుపు కలిపి ఒక మెట్టు తేలిక చేసుకోవాలి. నాకు ఆ తెలివి రెండో పూతకు గాని రాలేదు.

పైకప్పు కింద, పారాచూట్ దళం వాళ్లు హుక్కులు తగిలించే తీగ ఒకటి ఉంటుంది. కిట్‌లో అది లేదు. మా అత్తగారిది నరసాపురం, లేసు అల్లుతారు. నా అవస్థ చూసి, "ఇదిగో బాబూ, ఇంతకంటే సన్నం ఉండదు" అని దారపు ఉండ చేతిలో పెట్టారు. వెర్నియర్‌తో కొలిస్తే అర మిల్లీమీటరు. 72 పెట్టి హెచ్చిస్తే 36 మిల్లీమీటర్లు. అంటే ఆ విమానంలో అది తీగ కాదు, సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటును కట్టే మోకు! చివరికి పాడైన చార్జింగ్ కేబుల్ చీల్చి, అందులోంచి ఒక్క రాగి పోగు లాగాను. అది 0.1 మిల్లీమీటరు, అసలు కొలతలో ఏడు మిల్లీమీటర్లు. సరిగ్గా సరిపోయింది.

మొదట నేను కట్టాలనుకున్నది 1947 డిసెంబరు నాటి పూంఛ్ విమానం, కాశ్మీర్ యుద్ధంలో శత్రువులు చుట్టుముట్టిన ఆ ఊళ్లో మన వైమానిక దళం అధికారి మెహర్ సింగ్ దింపిన డకోటా. కాని నా దగ్గరున్న స్టిక్కర్లలో వైమానిక దళం గుండ్రటి గుర్తు త్రివర్ణం, బయట కాషాయం, నడుమ పచ్చ. ఆ గుర్తు 1950లో గాని రాలేదని చరిత్ర చదివే మిత్రుడొకరు పట్టేశారు. దాంతో కథ మార్చుకోవాల్సి వచ్చింది. 1950ల్లో ఈశాన్య సరిహద్దు కొండల్లోని చౌకీలకు మన డకోటాలు బియ్యం, పప్పు ఆకాశం నుంచి జారవిడిచేవి. అలా విడిచేటప్పుడు ఎడమవైపు వెనక ఉండే సామాను తలుపు పూర్తిగా ఊడదీసేవారు. తలుపే లేకపోతే లోపల పడ్డ కష్టం కాస్తయినా కనపడుతుంది కదా! గుర్తు తప్పడం వల్ల జరిగిన మేలు ఇది.

డకోటా మోసేది మామూలుగా 2,700 కిలోలు. మన లెక్కలో 75 కిలోల బస్తాలు 36. ఎం-సీల్ ముద్ద చేసి, పన్నెండు మిల్లీమీటర్ల బస్తాలు 36 చేసి, గోనె రంగు పూసి, గోడల వెంట వరసగా నిలబెట్టాను. అప్పటికి రెండు సగాలూ ఇంకా అంటించలేదు. రైసుమిల్లు ముఠాలో ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన బాబాయ్ ఒకాయన ఫోన్ చార్జింగ్ ఎక్కడం లేదని వచ్చి, బల్ల మీదకు వంగి చూశాడు.

"ఇవి బస్తాలా, తలగడలాండి?"

"బస్తాలే బాబాయ్. మొత్తం ముప్పై ఆరు."

"అంటే మా ట్రాక్టరు ట్రక్కు కంటే తక్కువేనన్నమాట. సరే గాని, ఇలా ఒకదాని మీద ఒకటి నిలువుగా పెడితే మొదటి కుదుపుకే పడిపోతాయండి. ఓ వరస అడ్డం, ఓ వరస నిలువు. ఆయ్. ఇంకా, ఇది తోక మీద కూర్చునే బండి కదా, నేల ఏటవాలు. సరుకంతా వెనక్కి జారిపోదా? కట్లేవి?"

నిజమే. డకోటాకు ముందు చక్రం లేదు, తోక కింద చిన్న చక్రం మీద వాలి నిలబడుతుంది. మోడల్ కట్టేవాళ్లకు అదొక సుఖం. ముక్కు చక్రం ఉన్న సి-130 లాంటివైతే వెనక్కి తిరగబడకుండా ముక్కులో సీసం కూరాలి, దీనికి ఆ బాధ లేదు. కాని ఆ వాలుకు లోపలి సరుకు ఏమవుతుందో నేను ఆలోచించనే లేదు. ఆకాశం నుంచి వదిలే బియ్యాన్ని గోనెలో కాస్త వెలితిగా పోసి, ఆ గోనెను ఇంకో పెద్ద గోనెలో పెట్టి కుట్టేవారని, లోపలిది పగిలినా బయటిది పట్టి ఉంచుతుందని చెబితే, "అలాగైతే బిగుతుగా ఉండవు, డీలాగా పొట్ట జారి ఉంటాయండి" అన్నాడు. ఆ రాత్రి 36 బస్తాలూ పీకి మళ్లీ చేశాను. కట్లకు అత్తగారి దారమే పనికొచ్చింది, పురి విప్పి ఒక్కో పోగు వాడితే మంచి తాడులా ఉంది.

మన గాలితో వచ్చే చిక్కులు ఏ సూచనల కాగితంలోనూ ఉండవు. సూపర్ గ్లూ తేమకే గడ్డకడుతుంది. శ్రావణంలో మన దగ్గర చుక్క వేసి ముక్క సరిచేసుకునే లోపే పట్టేస్తుంది. పైగా దాని ఆవిరి కిటికీల మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది. రెండు కిటికీలు అలాగే పోగొట్టుకున్నాను. అద్దాల దగ్గర తెల్ల ఫెవికాల్ వాడండి, ఎండితే కనపడదు. స్ప్రే చేసే కంప్రెసర్‌లో నీళ్లు చేరతాయి. వడకట్టే గిన్నె అరగంటకోసారి ఖాళీ చేయకపోతే రంగుతో పాటు చుక్కలు చిమ్ముతుంది. వెండి రంగుకు ముందు నిగనిగలాడే నలుపు వేయాలి కదా, వాన రోజున వేసిన ఆ నలుపు బూజు పట్టిన పచ్చడిలా తెల్లబారింది. కుడి రెక్క మొత్తం గీకి, సంక్రాంతి అయ్యాక, పొగమంచు విడిచాక పదకొండు గంటల ఎండలో మళ్లీ వేశాను. రాజోలు నుంచి భీమవరం దాకా ఎవరు అడిగినా చెప్పేది ఒకటే: జనవరి నుంచి మార్చి దాకా రంగులు, వానాకాలమంతా లోపలి పని.

పూర్తయ్యాక రెండు వానాకాలాలు గడిచాయి. వెండి మెరుపు కొద్దిగా తగ్గింది గాని నల్లబడలేదు. మోడళ్లకు వాడే టామియా జిగురుతో అంటించిన అతుకు ఒక్కటీ విచ్చుకోలేదు. ఎడమ రెక్క కింద గుర్తు అంచు లేచింది, మెత్తబరిచే ద్రావకం పూసి నొక్కితే కూర్చుంది. మిగిలిన స్టిక్కర్లు సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో పెట్టుకున్నాను, మీరూ అలాగే చేయండి. లోపల వేసిన చిన్న ఎల్ఈడీ ఇప్పటికీ వెలుగుతోంది. వెండి రంగు అడుగున ఆ నలుపు పూత ఉండబట్టి వెలుతురు ప్లాస్టిక్‌లోంచి బయటికి కారలేదు.

తప్పు చేసింది ఒక్క చోటే, గాజు తలుపు సరిగా పట్టని పాత షోకేసులో పెట్టాను. మొన్న సంక్రాంతి దులుపుళ్లలో లైటు వేసి తలుపులోంచి చూస్తే తోక వైపు వరస ఏదో తేడాగా అనిపించింది. బస్తాలు లెక్కపెట్టాను. 38. రెండు గోనె రంగులో లేవు, తెల్లగా, గుండ్రంగా, అడ్డం వరసకూ నిలువు వరసకూ మధ్య అతుక్కుని ఉన్నాయి. బల్లి గుడ్లు. పట్టకారుతో తీయబోతే మా ఆవిడ, "ఉండనివ్వండి, పిల్లలయ్యాక వాటంతటవే పోతాయి" అంది. చుట్టూ మూసి ఉండే అక్రిలిక్ పెట్టెకు ఆర్డరు పెట్టాను. అది వచ్చేదాకా లోడు 38.