చిలికా దీవుల "ఎకో" ప్యాకేజీకి అడ్వాన్సు కట్టేముందు ఇది చదవండి

బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు ఉన్న మనవాళ్లందరికీ ఈ హెచ్చరిక. "చిలికా దీవుల్లో కార్తీక వనభోజనాలు, ప్రకృతికి హాని లేని ఎకో టూర్" అంటూ తెలుగులో ఒక పోస్టరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఆకుపచ్చ రంగు, మూలన ఆకు బొమ్మ, మధ్యలో నీళ్లలోంచి పైకెగిరిన డాల్ఫిన్. మేం, మా వీధిలో ఇంకొన్ని కుటుంబాలవాళ్లం మనిషికి 4,500 చొప్పున కట్టి వెళ్లొచ్చాం. ఏజెంటు పేరు ఇక్కడ రాయను. ఫిర్యాదు నడుస్తోంది, పైగా పేరు మార్చుకోవడం వాళ్లకి ఎంతసేపు? వాళ్ల పద్ధతి చెబుతాను, అది చాలు.

ముందు ఆ బొమ్మ సంగతి. ఒడిశాలోని చిలికా సరస్సులో ఉండేవి ఇర్రావడి జాతి డాల్ఫిన్లు. గుండ్రటి తల, పొడుగు మూతి ఉండదు, మహా బిడియం. ఊపిరి తీసుకోడానికి వీపు కాస్త తేలుతుంది, మీరు "అదిగో" అనేలోపు మునిగిపోతుంది. మూతి సాచి గాల్లోకి ఎగిరే డాల్ఫిన్ బొమ్మ వేసి చిలికా అన్నారంటే ఆ పోస్టరు చేసినవాడు ఆ నీళ్ల మొహం చూడలేదన్నమాట. "రంభలో డాల్ఫిన్ గ్యారంటీ" అన్నదీ అంతే. అవి ఎక్కువగా కనబడేది సాతపడ వైపు, సరస్సు సముద్రంలో కలిసే దారిలో. రంభ ఉన్నది దక్షిణపు కొసన.

అదే పోస్టరులో "నలబన పక్షుల దీవిలో నడక" అని కూడా ఉంది. నలబన 1987 నుంచి పక్షుల అభయారణ్యం. వానాకాలం మునిగిపోయి, నీళ్లు తగ్గాక బయటపడే దీవి. అక్కడ దిగడమే నిషేధం. జెట్టీ దగ్గర అడిగితే గైడు "ఈరోజు పర్మిషన్ రాలేదండీ" అన్నాడు, రేపు వస్తుందన్నట్టు.

మొదటిరోజు మమ్మల్ని దించింది బర్కుడా దీవి మీద. టూరిస్టులకి దాన్ని హనీమూన్ ఐలండ్ అని అమ్ముతున్నారు. ఈ దీవి గురించి మనలో చాలామందికి తెలియనిది ఒకటుంది. 1917లో నెల్సన్ అన్నాండేల్, అంటే జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మొదటి డైరెక్టరు, కాళ్లే లేని ఒక బల్లి జాతిని ఇక్కడ గుర్తించి లోకానికి చెప్పాడు. దాని శాస్త్రీయ నామం బర్కుడియా ఇన్సులారిస్, దీవి పేరే దానికి పెట్టారు. అది చెట్ల కింద, రాలిన ఆకుల అడుగున, వదులు మట్టిలో బతుకుతుంది. మా గైడు కుర్రాళ్లు సరిగ్గా ఆ ఆకుల్నే ఊడ్చి కుప్పపోసి, చెట్టు మొదట్లో నిప్పంటించారు. క్యాంప్ ఫైరట. దాని మీద ఇనుప జల్లెడ, జల్లెడ మీద కోడి ముక్కలు. కార్తీకంలో! పోస్టరులో "శుద్ధ శాకాహారం" అని రాసి ఉంది, ఆ స్క్రీన్‌షాట్ నా దగ్గర భద్రంగా ఉంది. మా పిన్ని అయితే ఆ పూట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మా మగవాళ్లు సరస్సులోంచి బకెట్లతో నీళ్లు తెచ్చి నిప్పు ఆర్పుతుంటే, "ఎంజాయ్ చెయ్యడం రాదు వీళ్లకి" అని కుర్రాళ్ల గొణుగుడు.

భోజనం ప్లాస్టిక్ పళ్లాల్లో, ప్లాస్టిక్ గ్లాసుల్లో పెట్టారు. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన సరుకు అది. తిన్నవి సంచిలో వేసి ఒడ్డుకి తీసుకెళదామంటే గైడు "వదిలేయండి ఆంటీ, అలలు లాక్కుపోతాయి" అన్నాడు. ఎక్కడికి లాక్కుపోతాయి? సముద్రంలోకి పోయే దారే పూడుకుపోయి, ఉప్పదనం తగ్గి, కలుపు కమ్మేసి ఈ సరస్సు 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో పడింది. 1981లో రాంసర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేల అన్న పేరు, తెచ్చుకున్న సరస్సు గతి అది. 2000లో కొత్త ముఖద్వారం తవ్వాక చేపలు తిరిగొచ్చాయి, 2002లో ఆ జాబితాలోంచి పేరు తీశారు. బాలుగావ్, రంభ జాలర్లని అడిగితే ఆ చెడ్డ కాలం గురించి ఇప్పటికీ చెబుతారు.

జాలర్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. వెనక్కి వచ్చేటప్పుడు ఆలస్యమవుతోందని బోటుని దారి తప్పించి, కర్రలు పాతి కట్టిన వలల మీదుగా నడిపించారు. పంకాకి వల చుట్టుకుంది, కోసేసి ముందుకు పొమ్మన్నాడు గైడు. చిన్న నావలో ఉన్న ముసలాయన ఒడియాలో శాపనార్థాలు పెడుతూనే ఉన్నాడు. బోటు నడిపే అతను తెలుగువాడే, నోలియా జాలర్ల కుటుంబం. తల దించుకొని "మీరు చూశారు కదమ్మా, ఆగితే నాకు రేపట్నించి పిలుపు ఉండదు" అన్నాడు. మేమిచ్చిన మొత్తంలో ఒక్క మనిషి డబ్బు కూడా బోటు అద్దెగా అతనికి ముట్టదట. లైఫ్ జాకెట్లు? ఉన్నాయి. సగానికి బకిల్సు లేవు, తాడుతో కట్టుకోమన్నారు.

రెండోరోజు పాలూరు మీదుగా వెళ్లి, జాన్హికుడా దగ్గర ఫెర్రీ ఎక్కించి సాతపడ చేర్చారు. ప్రయాణం బాగానే సాగింది, దానికి వంక పెట్టను. డాల్ఫిన్ల దగ్గరే గొడవ. ఒక వీపు కనబడగానే అటూ ఇటూ ఉన్న బోట్లన్నీ ఇంజన్లు పెంచి దాని మీదికి ఉరికాయి. ఇంజను ఆపి దూరంగా నిలబడితే అవే మళ్లీ పైకి వస్తాయి. తరిమితే మునిగి పారిపోతాయి, పంకా తగిలి దెబ్బతిన్నవీ ఉన్నాయి. మా బోటువాడు మాత్రం ఎవరెంత చెప్పినా ఆపలేదు.

అసలు దోపిడీ ఆ తర్వాత, సముద్రపు ముఖం దగ్గర ఇసుక దిబ్బ మీద. దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు పడేది ఇక్కడే.

బోటు దిగగానే ఒక కుర్రాడు ఇసుక తవ్వి ఎర్ర పీతని బయటికి లాగి, సీసాలో పెట్టి పిల్లల చేతికిస్తాడు, ఫొటోకి. అది పిల్లల్ని ఆపడానికి. ఈలోగా పెద్దవాళ్లని ఒక టార్పాలిన్ నీడలోకి పిలుస్తారు. అక్కడ బకెట్ నిండా చిప్పలు. "మౌసీ, మీ చేత్తో మీరే ఒకటి ఎంచుకోండి" అంటాడు. కత్తి మొన పెట్టి విప్పుతాడు, లోపల ముత్యం! ఇంకోటి విప్పితే ఎర్ర పగడం! మూడోదాంట్లో పచ్చటి రాయి. లైటరు వెలిగించి చూపిస్తాడు, రాయి మీద గీకి చూపిస్తాడు. ఆ తర్వాత మీ రాశి అడుగుతాడు. మా పిన్నిని అడిగి, ఆవిడ కూతురికి పెళ్లి కుదరడం లేదని రాబట్టి, "కుజదోషం, పగడం మీ చేతికే వచ్చింది చూశారా" అన్నాడు. 6,000 దగ్గర మొదలై 1,200కి దిగింది. ఇసుక దిబ్బ మీద రసీదు పుస్తకం ఉండదు గానీ క్యూఆర్ కోడ్ అట్ట ఉంటుంది. మేం బోటెక్కుతుంటే మా గైడు టార్పాలిన్ వెనక్కి వెళ్లి లెక్క చూసుకోవడం మా ఆడపడుచు కొడుకు చూశాడు.

ఒక్కటి ఆలోచించండి. పగడం చిప్పలో పుట్టదు. సముద్రం అడుగున గుంపుగా బతికే చిన్న జీవులు కట్టుకునే గూడు అది. పచ్చలు, నీలాలు గనుల్లో దొరికే రాళ్లు. చిప్పలో దొరకాలంటే ఎవరో ముందే పెట్టి, అంటించి మూసి ఉండాలి. ఇంటికొచ్చాక మాకు తెలిసిన కంసాలి దూదికి కాస్త నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది రుద్దాడు. పిన్ని "పగడం" ఎరుపంతా దూదికే. ఒకవేళ వాళ్లు నిజంగానే సముద్రంలోని పగడపు దిబ్బ ముక్కనో, నిషేధించిన జాతి శంఖాన్నో అమ్మితే ఇంకో తలనొప్పి. అవి 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షితం, సంచిలో దొరికితే కొన్నవాళ్లూ జవాబు చెప్పుకోవాలి.

చిలికా వెళ్లొద్దని నా ఉద్దేశం కాదు. రంభ, బర్కుల్, సాతపడల్లో ఒడిశా టూరిజం వాళ్ల బోట్లున్నాయి. కౌంటరులో రేటు అడిగి, రసీదు తీసుకొని ఎక్కండి. డబ్బు నేరుగా బోటువాళ్ల చేతికి వెళ్లాలనుకుంటే జెట్టీ దగ్గర వాళ్లతోనే మాట్లాడుకోండి, మన భాష తెలిసినవాళ్లు తగులుతారు. "డాల్ఫిన్ కనబడకపోయినా ఫరవాలేదు, తరమొద్దు, టిప్పు ఇస్తాం" అని ఎక్కేముందే చెప్పండి, బోటు నడిపే తీరే మారుతుంది. పక్షులే కావాలంటే టాంగి దగ్గర మంగళాజోడికి వెళ్లండి. ఒకప్పుడు పిట్టల్ని వేటాడినవాళ్లే ఇప్పుడు కాపలాదార్లు, గైడ్లు. గెడ వేసి నడిపే నావలు, ఇంజను చప్పుడు ఉండదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చూడాల్సిన చోటు. వనభోజనాలకి మాత్రం దీవులే ఎందుకు, ఉసిరి చెట్టున్న తోట మన ఊళ్లోనే ఉంటుంది.

ఏ ఏజెంటయినా "ఎకో" అంటే వెంటనే అడగండి: ఏ దీవిలో దింపుతారు, దిగడానికి అనుమతి ఉందా, చెత్త ఎవరు వెనక్కి తెస్తారు, బోటువాడికి ఎంత ఇస్తారు? మాకు వచ్చిన జవాబు ఒక చేతులు జోడించిన బొమ్మ. రుజువు లేకుండా పర్యావరణ గొప్పలు చెప్పుకొని అమ్మడం మీద కేంద్రం 2024లో మార్గదర్శకాలు తెచ్చింది, కాబట్టి ఇది ఉత్త నోటిమాట అని వదిలేయక్కర్లేదు. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు ఫిర్యాదు రాసుకుంటారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. ఇచ్ఛాపురంవాళ్లు ఒడిశా దాకా తిరగనక్కర్లేదు, శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు.

మేం హెల్ప్‌లైన్‌కి చెప్పాక ఏజెంటు "భోజనం డబ్బులు మాత్రం" అని మనిషికి 300 తిరిగి వేశాడు, తర్వాత ఆ నంబరు పని చేయడం మానేసింది. ఇప్పుడు అదే ఆకు బొమ్మ, అదే డాల్ఫిన్‌తో "కాళీజాయి మకర మేళా స్పెషల్" అని సంక్రాంతి తేదీలతో కొత్త పోస్టరు వచ్చింది (కాళీజాయి అంటే చిలికాలో అమ్మవారి గుడి ఉన్న దీవి), కింద వేరే నంబరు. ఇప్పటికే కట్టేసినవాళ్లుంటే పోస్టరు, చాట్, యూపీఐ చెల్లింపు వివరాలు ఈ రోజే దాచుకొని కింద రాయండి. అందరి ఫిర్యాదులూ కలిపి వేద్దాం.