లెన్సోయిస్ మరన్యేన్సెస్: జీపులో చూసి వచ్చేయకండి, గైడ్‌తో మూడు రోజులు నడవండి

బ్రెజిల్ ఈశాన్య తీరంలో, మరన్యావ్ రాష్ట్రంలో ఉంది ఈ జాతీయ పార్కు. వెళ్లినవాళ్లలో చాలామంది బరేరిన్యాస్ అనే ఊళ్లో దిగి, జీపులో సగం పూట తిరిగి, రెండు మడుగుల్లో ఈత కొట్టి, సూర్యాస్తమయం ఫోటోలు తీసుకుని వెనక్కి వచ్చేస్తారు. నేనూ మా చెల్లెలూ మొదటి రోజు అలాగే చేశాం. ఆ తర్వాత ఒక స్థానిక గైడ్‌తో అటిన్స్ అనే పల్లె నుంచి శాంటో అమారో అనే ఊరి వైపు మూడు రోజులు ఇసుక మీద నడిచాం. ఈ రివ్యూ ఆ నడక సర్వీసు గురించే, ఎందుకంటే జీపులో చూసిందీ కాలినడకన చూసిందీ ఒకటే చోటు అంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

లెన్సోయిస్ అంటే పోర్చుగీసులో దుప్పట్లు. 1,550 చదరపు కిలోమీటర్ల పార్కులో చాలాభాగం తెల్లటి ఇసుక తిన్నెలు, ఆ తిన్నెల మధ్య పల్లాల్లో ఆకుపచ్చ, నీలం రంగుల మంచినీటి మడుగులు. చూస్తే ఎడారే అనిపిస్తుంది గానీ కాదు, ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైగా వాన పడే ప్రాంతం. నదులు మోసుకొచ్చిన ఇసుకని సముద్రం ఒడ్డుకు తోస్తుంది, ఎండాకాలపు గాలి దాన్ని లోపలికి తరుముతుంది, వానలు పడ్డాక నీళ్లు కిందికి ఇంకకుండా ఆ పల్లాల్లోనే నిలబడిపోతాయి. 1981 నుంచి ఇది జాతీయ పార్కే, 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో కూడా చేరింది. అయినా బ్రెజిల్ వెళ్లొచ్చామని చెప్పేవాళ్ల నోట ఈ పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు, అదే నాకు బాధ.

ఏ నెలలో వెళ్తున్నారన్నదే అన్నిటికన్నా ముఖ్యం. వానలు జనవరి నుంచి జూన్ దాకా ఉంటాయి, జూన్ నుంచి ఆగస్టు వరకు మడుగులు నిండుగా ఉంటాయి, అక్టోబరు, నవంబరు వచ్చేసరికి చాలావరకు ఎండిపోయి ఉత్త ఇసుకే మిగులుతుంది. ఫోటోలు చూసి మనసు పడి, విమానం టికెట్ చవగ్గా దొరికిందని డిసెంబరులో వెళ్తే మీకు కనిపించేది వేరే చోటు. మేం జులైలో వెళ్లాం.

జీపు ట్రిప్ గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. బల్లలు బిగించిన ఓపెన్ జీపు, దారంతా కుదుపులు, నదిని పంటు మీద దాటడం బాగుంటుంది. కానీ అందరూ ఒకే వేళకి, ఒకే మడుగు దగ్గర దిగుతారు. ఈత కొడుతుంటే డ్రైవర్ గడియారం చూపిస్తాడు. పార్కు అంచున ఉన్న కొద్ది దారుల్లో తప్ప బళ్లని లోపలికి రానివ్వరు, అలా రానివ్వకపోవడమే మంచిది కూడా. లోపల ఏముందో చూడాలంటే కాళ్లే గతి.

నడకకి ముందు బరేరిన్యాస్ నుంచి అటిన్స్‌కి ప్రెగిసాస్ నది మీద పడవలో వెళ్లాం. మర్నాడు తెల్లవారుజామున మూడున్నరకే గైడ్ వచ్చి తలుపు తట్టాడు. భూమధ్యరేఖకి దగ్గర కావడంతో ఆరింటికల్లా తెల్లారిపోతుంది, పదికల్లా ఎండ నడినెత్తిన కొట్టినట్టుంటుంది, అందుకే దూరమంతా చీకట్లోనే లాగించేయాలి. మొదటి రోజే అన్నిటికన్నా ఎక్కువ, ఇరవై కిలోమీటర్లు దాటింది. మేం కొనుక్కెళ్లిన ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లు చూసి ఆయన తల అడ్డంగా ఊపి, ఉత్త కాళ్లతోనో, మేజోళ్లతోనో నడవమన్నాడు. ఆ మాట వినడం ఎంత మంచిదైందో! ఇసుక అంత తెల్లగా ఉండటంతో ఎండలో కూడా కాళ్లు కాలవు, మడుగు అడ్డం వస్తే బూట్లు విప్పే పని లేకుండా నేరుగా నీళ్లలోకి దిగిపోవచ్చు. అటిన్స్ వైపు నుంచి బయల్దేరితే గాలి వీపు వెనక నుంచి తోస్తుంది. ఎదురు దిక్కున నడిస్తే ఆ ఇసుకంతా మొహానికే కొడుతుంది, కాబట్టి బుక్ చేసేటప్పుడు ఏ వైపు నుంచి ఏ వైపుకో తప్పకుండా అడగండి.

గైడ్ ఎందుకు, ఫోన్‌లో మ్యాప్ ఉందిగా అనుకునేవాళ్లకి ఇది చెప్పాలి. ఇక్కడ దారి అంటూ ఉండదు. తిన్నెలు కదులుతూనే ఉంటాయి, నిరుడు ఉన్న మడుగు ఈసారి ఇంకోచోట ఉంటుంది. మా గైడ్ ఇసుక మీది అలల్లాంటి గీతలు చూసి ఎక్కడ కాలు దిగబడుతుందో, ఎక్కడ గట్టిగా ఉంటుందో ముందే చెప్పేవాడు. ఆయన అడుగులో అడుగేస్తే సగం అలసటే తెలిసేది కాదు. ఒకచోట మా చెల్లెలు "అక్కా, ఇటు దగ్గర కదా" అని పక్కకి తిరిగి నాలుగడుగులు వేసేసరికి మోకాళ్ల దాకా దిగబడింది. ఆయన కంగారు పడకుండా వచ్చి చెయ్యి పట్టి లాగాడు. ఇంగ్లీషు రాదు, ఫోన్‌లో ముందే దింపుకున్న అనువాద యాప్‌తోనూ సైగలతోనూ నెట్టుకొచ్చాం. అయినా మడుగులో చిన్న చేపలు చూపించి, మడుగు ఎండిపోయినా కొన్ని చేపలు తడి బురదలో దాక్కుని మళ్లీ వాన దాకా బతికేస్తాయని నాకు అర్థమయ్యేలా చెప్పాడు.

రాత్రి బసలు ఇసుక మధ్యలో పచ్చగా ఉండే రెండు చిన్న పల్లెల్లో: మొదట బైషా గ్రాండే, తర్వాత కేమాడా దోస్ బ్రితోస్. మేకలు పెంచుకుంటూ, చేపలు పట్టుకుంటూ తరాలుగా ఉంటున్న కుటుంబాలే మనకి అన్నం పెడతాయి. మంచాలుండవు, పందిరి కింద వరసగా ఊయలలు కట్టి ఉంటాయి. తిన్నగా పడుకుంటే నడుం పట్టేస్తుందని, ఐమూలగా పడుకోవాలని ఆ ఇంటి పెద్దావిడ తనే పడుకుని చూపించింది. అన్నం, చిక్కుడు గింజలు, కోడికూర, కర్రపెండలం పిండి. ఇరవై కిలోమీటర్లు నడిచొచ్చిన ఆకలికి అది ఎంత రుచిగా ఉందో చెప్పలేను. రాత్రి గాలికి చలేస్తుంది, పల్చటి దుప్పటి దగ్గరుంచుకోండి. రెండో రోజు నడక తక్కువే, అందుకే మధ్యాహ్నమంతా ఒక మడుగులో మేమిద్దరం తప్ప ఇంకెవరూ లేకుండా గడిపాం. మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ మధ్యాహ్నమే.

ఇప్పుడు నచ్చనివి. మేం గైడ్‌ని నేరుగా కాకుండా ఊళ్లోని ఒక మధ్యవర్తి ద్వారా బుక్ చేసుకున్నాం. గుంపులో ఆరుగురే ఉంటారన్నారు, తీరా చూస్తే పదకొండు మంది. పల్లెల్లో తిండికీ ఊయలకీ విడిగా డబ్బు కట్టాలన్న సంగతి ఎవరూ చెప్పలేదు. చేతిలో ఉన్న నగదు సరిపోతుందో లేదోనని మొదటి రాత్రంతా టెన్షన్. పదకొండు మందికి ఒక్క గైడ్ అంటే వెనకబడ్డవాళ్ల కోసం ముందున్నవాళ్లు ఎండలో నిలబడాలి. తప్పు గైడ్‌ది కాదు, ఆయన ముందుకీ వెనక్కీ తిరుగుతూ అందరికన్నా రెట్టింపు నడిచాడు. గుంపులో ఎంతమంది, తిండి కలిపా విడిగానా, సామాను ఎవరు మోస్తారు, ఈ మూడూ రాతలో తీసుకోండి. వీలైతే అటిన్స్‌లో ఒక రోజు ఆగి, గైడ్‌తోనే నేరుగా మాట్లాడుకోండి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకీ చిన్నపిల్లలున్నవాళ్లకీ ఈ నడక వద్దు, వాళ్లకి శాంటో అమారోలో ఉండి రోజూ దగ్గరి మడుగులకి వెళ్లిరావడం హాయి. మిగతావాళ్లు బరువు తక్కువ పెట్టుకోండి: మూడు లీటర్ల నీళ్లు, పొడుగు చేతుల చొక్కా, టోపీ, రెండు జతల మేజోళ్లు, తడవకుండా కట్టిన నగదు. గైడ్‌కి నేను ఐదుకి ఐదు ఇస్తాను, బుకింగ్‌కి రెండు. మళ్లీ వెళ్లడం కుదిరితే ఆయనతోనే నాలుగు రోజులు మాట్లాడుకుంటాను, కేమాడాలో రెండు రాత్రులు ఉండేలా.