గవర్నర్‌పేట షాపుల్లో దొరికే పోశ్చర్ బెల్టు: కొనొచ్చు, కానీ ఇరవై నిమిషాలకే

విజయవాడ గవర్నర్‌పేట, సూర్యారావుపేట సర్జికల్ షాపుల్లో పోశ్చర్ బెల్టు, అంటే వంగిన వీపు నిటారుగా నిలబడాలని కట్టుకునే పట్టీ, అడిగితే రెండు రకాలు కౌంటర్ మీద పెడతారు. ఒకటి చిన్నది. వీపు మీద ఎనిమిది అంకెలా కలుసుకునే రెండు భుజం పట్టీలు, బిగించుకోడానికి వెల్‌క్రో, అంతే. రెండోది నడుం దాకా దిగే పెద్దది. వెన్నుకు అటూ ఇటూ రెండు బద్దలు, పొట్ట చుట్టూ వెడల్పాటి ఎలాస్టిక్ ఉంటాయి. చిన్నదైతే తీసుకోవచ్చు. రెండోది మన ఎండలకి, మన పనులకి పనికొచ్చే సరుకు కాదు.

చిన్న బెల్టు అసలు పుట్టింది భుజాలు నిటారుగా ఉంచడానికి కాదు. మెడ కింద కాలర్ ఎముక విరిగినప్పుడు భుజాల్ని వెనక్కి లాగి పట్టుకోడానికి కట్టే పట్టీ ఇది. అందుకే భుజాన్ని వెనక్కి లాగడం తప్ప దీనికి ఇంకో పని చేతకాదు. ముందుకి పొడుచుకొచ్చిన మెడని గానీ, వెనక్కి ఒరిగిన తుంటిని గానీ ఇది ముట్టుకోదు. చాలామందికి నొప్పి మొదలయ్యేది ఆ రెండు చోట్లే.

వన్‌టౌన్‌లో బట్టల కొట్లని చూడండి. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని పొద్దుటి నుంచి రాత్రి దాకా చీరలు పరుస్తూనే ఉంటారు. తుంటి కీళ్లు బిగుసుకుపోయినవాళ్లు అలా కూర్చుంటే మోకాళ్లు పైకి లేస్తాయి, కటి వెనక్కి వాలుతుంది, నడుం దగ్గరి గుంట పోయి వీపంతా విల్లులా వంగుతుంది. ఎదురుగా ఉన్నవాళ్ల మొహం చూడాలి కాబట్టి గడ్డం ముందుకొస్తుంది. వంకర అడుగు నుంచి పైకి పాకిందన్నమాట. ఇప్పుడు పైన బెల్టు బిగిస్తే ఏమవుతుంది? భుజాలు వెనక్కెళ్తాయి, పక్కటెముకలు ముందుకి పొడుచుకొస్తాయి, మెడ మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. పునాది కుంగిన గోడకి పైనుంచి తాడు కట్టినట్టే.

ఆ కొట్లో చేయాల్సింది రూపాయి ఖర్చు లేని పని. దుప్పటిని మూడు నాలుగు అంగుళాల ఎత్తు వచ్చేలా మడిచి పిర్రల కింద మాత్రమే పెట్టాలి. తొడల కిందికి జరిగితే ఫలితం ఉండదు. మోకాళ్లు తుంటి కంటే కిందికి దిగాయో లేదో చూసుకోండి, నడుం మీద వేళ్లు పెట్టి గుంట తిరిగొచ్చిందో లేదో తడుముకోండి. వెనక అరలో చీరకట్ట లాగాలంటే నడుం మెలితిప్పకుండా మోకాళ్ల మీదికి లేచి ఒళ్లంతా అటు తిప్పాలి. వంగడం, తిరగడం, బరువు లాగడం మూడూ ఒకేసారి చేస్తే నడుం పట్టేయడానికి అంతకంటే సులువైన దారి లేదు. ఏ కాలు పైన వేశారో అరగంటకోసారి మార్చండి. బేరం తెగిందా, లేచి నాలుగడుగులు వేయండి. ఏ భంగిమ ఎంత బాగున్నా గంటలకొద్దీ అందులోనే ఉండిపోతే నొప్పే.

బెల్టు కొనేముందు గోడ పరీక్ష చేయండి. మడమలు గోడకి రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టి, పిర్రలు, వీపు రెక్కలు (భుజాల వెనకుండే పలక ఎముకలు) గోడకి ఆనించాలి. గడ్డం పైకెత్తకుండా తల వెనక భాగం గోడకి తగిలితే మీ వీపులో కదలిక ఉంది, లోపం అలవాటులోనే. అలాంటివాళ్లకి బెల్టు గుర్తుచేసే పట్టీగా పనికొస్తుంది. తల తగలకపోతే బెల్టుతో బలవంతంగా లాగకండి. ముందు వీపు బిగువు సడలాలి. పొడుగ్గా చుట్టిన తుండుని రెక్కల మధ్య అడ్డంగా పెట్టుకుని రెండు నిమిషాలు వెల్లకిలా పడుకోవడంతో మొదలుపెట్టండి. పెద్దవయసు ఆడవాళ్లలో గూని ఈమధ్యే వచ్చిందంటే అది అలవాటు కాకపోవచ్చు, ఎముకలు గుల్లబారి వెన్నుపూస కుంగి ఉండొచ్చు. వాళ్లకి బెల్టూ వద్దు, తుండూ వద్దు, ముందు ఎక్స్‌రే.

ఇక కట్టే పద్ధతి. సైజు ఛాతీ చుట్టుకొలతని బట్టి ఉంటుంది. చొక్కా మీద నుంచి కాకుండా బనియన్ మీద టేపు పెట్టి కొలిచి, డబ్బా మీది పట్టికతో సరిచూసుకోండి. రెండు సైజుల మధ్య పడితే పెద్దదే తీసుకోవాలి. భుజాల్ని ముందు మీరే మెల్లగా వెనక్కి, కిందికి తెచ్చి, ఆ తర్వాతే పట్టీ బిగించాలి. లాగి తేవడం పట్టీ పని కాదు. చంక దగ్గర పట్టీ కింద రెండు వేళ్లు తేలిగ్గా దూరాలి. దూరకపోతే చంకలోంచి చేతికి వెళ్లే నరాలు, రక్తనాళాలు నొక్కుకుపోతాయి. వేళ్లకి తిమ్మిరి, చేయి చల్లబడడం, రంగు మారడం కనిపిస్తే వెంటనే విప్పేయండి.

ఇరవై నిమిషాల తర్వాత విప్పి, భుజాలు అదే తీరులో పెట్టి పది నిమిషాలు బెల్టు లేకుండా ఉండడానికి ప్రయత్నించాలి. రోజుకి రెండుసార్లు చాలు. నిజంగా నేర్చుకునేది విప్పిన తర్వాతి పది నిమిషాల్లోనే. రోజంతా కట్టేసుకుంటే పని పట్టీ చేస్తుంది, రెక్కల మధ్య కండరాలు ఊరుకుంటాయి. స్కూటర్ నడిపేటప్పుడు, నిద్రలో అసలు వద్దు. బెంజ్ సర్కిల్ దగ్గర వెనక బండి వస్తోందేమోనని తిరిగి చూడాలంటే భుజం కదలాలి కదా.

బరువు లేపేటప్పుడు కూడా వద్దు. గుంటూరు మిర్చి యార్డులో నలభై కిలోల పైచిలుకు టిక్కీ (మిర్చి బస్తా) పట్టుకోవాలంటే రెక్కలు ముందుకి సాగాలి. బెల్టు వెనక్కి లాగుతుంటే రెండిటికీ పోరే. ఆ పనికి నేర్చుకోవాల్సింది తుంటి దగ్గర వంగడం. ఇంట్లో కర్రతో ఇలా సాధన చేయొచ్చు: కర్రని వెన్ను వెంట నిలువుగా పెట్టి, ఒక చేత్తో మెడ వెనక, ఇంకో చేత్తో నడుం వెనక పట్టుకోండి. తల వెనక, రెక్కల మధ్య, త్రికం (పిర్రల పైన వెన్ను చివరి ఎముక) మీద, మూడు చోట్లా కర్ర తగలాలి. మోకాళ్లు కొద్దిగా సడలించి, వెనక తలుపుని పిర్రలతో తోస్తున్నట్టు వెనక్కి వెళ్తూ వంగండి. కర్ర త్రికాన్ని వదిలిందంటే నడుం వంగింది, అక్కడే ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. పదిసార్లు చాలు. బరువుని పొట్టకి ఆనించుకోవడం, నడుముతో కాక పాదాలతో తిరగడం ఆ తర్వాతి మెట్టు.

నేర్పించడం వల్ల ఫలితం ఉంటుందనడానికి ఆధారం కూడా ఉంది. బ్రిటన్‌లో దీర్ఘకాలంగా నడుంనొప్పి ఉన్న 579 మందితో చేసిన పరిశోధన 2008లో వచ్చింది. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకి ఏడాది తర్వాత నాలుగు వారాల్లో మధ్యస్థంగా 21 రోజులు నొప్పి ఉంటే, అలెగ్జాండర్ టెక్నిక్ పాఠాలు 24 తీసుకున్నవాళ్లకి 3 రోజులే ఉంది. అవి గురువు దగ్గరుండి, చేయి వేసి, లేవడం కూర్చోవడం లాంటి మామూలు కదలికల్ని దిద్దే పాఠాలు. అందులో బెల్టు ప్రసక్తే లేదు.

కాలు బలహీనపడినా, మూత్రం మీద పట్టు తప్పినా, జ్వరంతో కలిసి వెన్నునొప్పి వచ్చినా బెల్టు బేరం మానేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

సరుకు సంగతికొస్తే, చిన్న రకం మామూలుగా 500 లోపే దొరుకుతుంది. ఎమ్మార్పీ చూసి భయపడక్కర్లేదు, అడిగితే తగ్గిస్తారు. నియోప్రీన్ (రబ్బరు లాంటి మందపాటి సరుకు) రకం గాలి ఆడనివ్వదు, మే నెలలో చంకల్లో పొక్కులు ఖాయం. చిల్లుల బట్టతో చేసింది ఎంచుకుని, కాటన్ బనియన్ మీదే కట్టండి. వెల్‌క్రోకి చీర పోగులు, దారాలు పట్టి నెలకే జారిపోతుంది. ఉతికేటప్పుడు దాన్ని మూసేసి, చన్నీళ్లలో చేత్తో ఉతికి, నీడలో ఆరేయాలి. పెద్ద రకమే కొంటామంటే బద్దలు ఇనుమా ప్లాస్టికా అని తీసి చూడండి, ఇనుమైతే చెమటకి తుప్పు పట్టి బట్ట చించుకుని వీపుకి గుచ్చుకుంటాయి. షాపులోనే కట్టి, చేతులు తలపైకెత్తి, కూర్చుని లేచి చూసుకోండి. ఒకసారి చెమట పట్టాక చాలా షాపుల్లో వెనక్కి తీసుకోరు.