పాత చర్చికి గానుగ సున్నం పని: గోడలకు మంచి మార్కులు, రిపోర్టుకు లేవు

నరసాపురంలో ఒక పాత ప్రార్థన మందిరానికి ఈ వేసవిలో గానుగ సున్నం (గానుగలో రుబ్బిన సున్నం) పూత వేశారు. చేసింది పాత కట్టడాల మరమ్మతులే చూసే మేస్త్రీల ముఠా. గోడల పనికి వీళ్లను ధైర్యంగా పిలవొచ్చు. చరిత్ర రాసిచ్చే పని మాత్రం అప్పజెప్పకండి.

ఈ గోడలకు అసలు జబ్బు సిమెంటు. ఏదో మరమ్మతులో సున్నపు గోడ మీద సిమెంటు ప్లాస్టరింగు కొట్టేశారు. డెల్టా నేలలో చెమ్మకు కొదవేముంది! అది ఇటుకల్లోంచి పైకి పాకి, సిమెంటు దాటలేక లోపలే ఉండిపోతుంది. ఉప్పు పేరుకుని పూతను బయటికి తోస్తుంది. వేలితో కొడితే డొల్లగా మోగే చోటల్లా ఇదే సంగతి. ముఠా వాళ్లు బ్రేకర్ మిషను పెట్టకుండా ఉలి, సుత్తితోనే సిమెంటు వలిచారు. ఇటుక పెచ్చులు లేవలేదు. సందులు అంగుళం లోతు గీకి, కడిగి, అప్పుడు పూత మొదలెట్టారు.

సున్నం పదిహేను రోజులకు పైగా నానినదే. సున్నం ఒక పాలు, గోదావరి ఇసుక మూడు పాళ్లు. చెమ్మ ఎక్కువున్న అడుగు భాగంలో మాత్రం సున్నం, సుర్ఖీ (ఇటుక పొడి) చెరో పాలు, ఇసుక రెండు. సముద్రపు ఇసుక ముట్టుకోలేదు. కరక్కాయ, బెల్లం నీళ్లు కొద్దిగానే కలిపారు. బెల్లం ఎక్కువైతే చీమలు పడతాయి, పూత త్వరగా గట్టిపడదు. మొదటి పూత అరంగుళం, వారం ఆగి రెండోది పావంగుళం.

ఎంచుకున్న కాలమే బాలేదు. సాగు కాలువలకు నీళ్లు ఆపేస్తే గోడలు ఆరతాయని ఏప్రిల్లో దిగారు. వడగాలికి పడమటి గోడ పూత వెంట్రుకవాసి పగుళ్లిచ్చింది. ఆ తర్వాతే తడి గోనెపట్టాలు కట్టారు. వానలు వెనకబట్టాక, నవంబరు చివర్లో మొదలెట్టించుకోండి. గోడ మొదట్లోని సిమెంటు గచ్చునూ వదిలేశారు. అరడుగు వెడల్పున కోసి కంకర నింపితేనే అక్కడి చెమ్మ బయటికి పోతుంది.

ఇక పనితో పాటు ముఠా వాళ్లు రాసిచ్చిన చర్చి చరిత్ర రిపోర్టు. ‘మెథడిస్టులు కట్టిన చర్చి’ అని రాసేశారు. మెథడిస్టులు, బ్రదరన్, లూథరన్లు ప్రొటెస్టెంట్లలో వేర్వేరు శాఖలు; ఏ శాఖ ఏ సీమలో పనిచేసిందో చూస్తే ఆ మాట పొసగదు. నరసాపురం, పాలకొల్లు వైపు పని మొదలెట్టింది 1836లో వచ్చిన బ్రదరన్ మిషనరీలు బౌడెన్, బీర్. రాజమండ్రి వైపు లూథరన్లు. వెస్లియన్ (బ్రిటిష్) మెథడిస్టుల సీమ మెదక్. అక్కడి పెద్ద చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. వెస్లియన్ శాఖ 1947 సెప్టెంబరు 27న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అనే ఉమ్మడి సంఘమైన సీఎస్‌ఐలో కలిసింది. హైదరాబాదులోని అమెరికన్ మెథడిస్టులు కలవలేదు కాబట్టే వాళ్ల చర్చిల బోర్డుల మీద నేటికీ మెథడిస్టు పేరుంది. శిలాఫలకం మీది సంవత్సరం సంఘం పుట్టినదా, గోడ లేచినదా అన్నదీ చూడలేదు. వెనక గోడలో ఇటుక సైజు మారింది, అంటే ఆ భాగం తర్వాత పొడిగించినట్టు. ఆ ఇటుకలకు తమ చేత్తోనే పూత వేసి కూడా ఒక్క ముక్క రాయలేదు!

ఒప్పందంలో గచ్చు కోత, డాబా తూముల శుభ్రం విడిగా రాయించుకోండి. ఆఖర్న పాలలా పల్చని వెల్ల మూడు కోటింగులు చాలు. ఎమల్షన్ రంగు వేస్తామంటే వద్దనండి, చెమ్మ మళ్లీ లోపలే ఇరుక్కుంటుంది.