బిట్‌కాయిన్ మైనింగ్ మెషిన్: రెండేళ్లు వాడాక నా అనుభవం

మైనింగ్ మెషిన్ అంటే బిట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బు నెట్‌వర్క్ కోసం ఆగకుండా లెక్కలు చేసి, బదులుగా బిట్‌కాయిన్ సంపాదించే కంప్యూటర్. దాన్ని కొనాలనుకునేవాళ్లు నాకు ఫోన్ చేసి మొదట అడిగేది "రోజుకి ఎంతొస్తుందన్నా?" అనే. 2021 నవంబర్‌లో నేనూ అదే అడిగాను. అమ్మే అతను వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపాడు: 100 టెరాహాష్ (మెషిన్ లెక్కలు చేసే వేగం), 3050 వాట్లు, రోజుకి 39 డాలర్లు. అప్పటి లెక్కలో 2,900 రూపాయలు. కరెంటుకి 700 పోయినా 2,200 మిగులుతుంది, 13 నెలల్లో పెట్టుబడి చేతికొస్తుంది అన్నాడు. ఆ స్క్రీన్‌షాట్‌లో అబద్ధమేమీ లేదు. కాకపోతే అది ఆ ఒక్క రోజు లెక్క. ఆ రోజు మెషిన్ నా దగ్గర లేదు.

డబ్బు మొత్తం ముందే కట్టాలన్నాడు. డ్యూటీ, జీఎస్టీ, రవాణా కలిపి 8 లక్షల 60 వేలు అయింది. అందులో 3 లక్షలు మా ఆవిడ పేరు మీదున్న ఎఫ్‌డీ విరగ్గొట్టి తెచ్చినవి. డిసెంబర్‌లో రావాల్సిన మెషిన్ మార్చి రెండో వారంలో గుంటూరు చేరింది. ఆన్ చేసిన మొదటి వారం రోజుకి సగటున 1,480 రూపాయలు వచ్చాయి. అంటే స్క్రీన్‌షాట్‌లో చూపించిన దాంట్లో సగం.

దీనికి కారణం మెషిన్ కాదు. అప్పట్లో ప్రపంచం మొత్తం మీద రోజుకి పుట్టేది దాదాపు 900 బిట్‌కాయిన్లే. ఎన్ని మెషిన్లు నడిచినా ఆ 900 నే పంచుకోవాలి. ప్రతి 2016 బ్లాకులకోసారి (బ్లాకు అంటే లావాదేవీల కట్ట, ఒక్కోదానికి కొత్త బిట్‌కాయిన్లు బహుమతిగా వస్తాయి), అంటే సుమారు రెండు వారాలకోసారి, నెట్‌వర్క్ ఆ లెక్కల కష్టాన్ని సర్దుబాటు చేస్తుంది. ఎక్కడో కొత్త మెషిన్లు వేలల్లో ఆన్ అయితే మన ఇంట్లో మెషిన్ వాటా తగ్గిపోతుంది. మనం చేసిన తప్పేమీ ఉండదు, అయినా ఆదాయం తగ్గుతుంది. అందుకే డెలివరీ ఆలస్యమైతే డబ్బు పోయినట్టే. అమెరికాలో బటర్‌ఫ్లై ల్యాబ్స్ అనే కంపెనీ ముందే డబ్బు కట్టించుకుని మెషిన్లు ఇవ్వలేదని, ఇచ్చినవి చేరేసరికి పాతబడిపోయాయని 2014లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెక్కింది. ఇది నేను డబ్బు కట్టేశాక చదివాను. మీరు ముందే చదవండి.

పెట్టె విప్పిన రోజు సంగతి ఒకటి చెప్పాలి. కొత్తదనే అమ్మారు. నెట్ కేబుల్ పెట్టి, మెషిన్ ఐపీ అడ్రస్ కొట్టి సెట్టింగ్స్ పేజీ తెరిస్తే, పూల్ (చాలామంది మెషిన్లు కలిపి నడిపి సంపాదన పంచుకునే చోటు) అడ్రస్ దగ్గర ముందే ఎవరిదో వర్కర్ పేరు, అంటే పూల్‌లో ఒక్కో మెషిన్‌కి పెట్టుకునే పేరు, ఉంది. ఆ పేరు చివర 47 అని ఉంది. అంటే ఎక్కడో వరసగా పెట్టిన మెషిన్లలో ఇది నలభై ఏడోది. అమ్మిన అతన్ని అడిగితే "టెస్టింగ్ కోసం పెట్టి ఉంటారు" అన్నాడు. ఫ్యాన్ రెక్కల అంచున సన్నటి బూడిదరంగు పొర కూడా ఉంది. వెంటనే ఫర్మ్‌వేర్ (మెషిన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మళ్లీ వేసుకున్నాను. వేసుకోకపోతే మన కరెంటుతో మైనింగ్ చేసి కొంత భాగం ఇంకొకరి ఖాతాకు పంపే ఫర్మ్‌వేర్‌లు కూడా ఉంటాయి.

ఇక కరెంటు. రోజుకి 73 యూనిట్లు, నెలకి 2,200. మాకు అంతకు ముందు నెలకి 250 యూనిట్లే వచ్చేవి. అప్పట్లో డొమెస్టిక్‌లో 400 యూనిట్లు దాటితే యూనిట్ 9.75. బిల్లు చూసి నెల తిరక్కుండానే లైన్‌మన్ వచ్చాడు. మంచి మనిషి కాబట్టి ముందే హెచ్చరించాడు: ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం నడిపితే విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్‌తో అసెస్‌మెంట్ వేస్తారని. లోడ్ పెంచుకుని కమర్షియల్‌కి మార్చుకున్నాం. యూనిట్ 10 రూపాయలు దాటింది.

వైరింగ్ విషయంలో మాత్రం అదృష్టం బాగుండి బయటపడ్డాం. ఏసీ కోసం వేసిన పాత పాయింట్‌కే మెషిన్ తగిలించాను. ఏసీ కంప్రెసర్ మధ్యమధ్యలో ఆగుతుంది. ఇది 13 ఆంపియర్లు రాత్రీపగలూ ఆగకుండా లాగుతుంది. పదకొండో రోజు తెల్లవారుజామున ప్లాస్టిక్ కాలిన వాసనకు మా అమ్మ లేచింది. ప్లగ్ టాప్ ఒక పిన్ను చుట్టూ గోధుమరంగులో కరిగి సాకెట్‌కి అతుక్కుపోయి ఉంది. తర్వాత మీటర్ దగ్గర్నుంచి విడిగా 4 ఎంఎం వైరు లాగించి, సొంత ఎంసీబీ పెట్టించాం. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఈ పని మెషిన్ రాకముందే చేయించండి. దీంట్లో రూపాయి కూడా మిగుల్చుకోవద్దు.

చప్పుడు సుమారు 75 డెసిబెల్స్. గదిలో మనుషులు మాట్లాడుకోలేరు. పై వాటాలో ఉండే అత్తయ్యగారు నెల రోజులు నిద్ర లేదని చెప్పాక డాబా మీద రేకుల గదికి మార్చాం. అక్కడ మే నెలలో లోపలికి పోయే గాలే 43 డిగ్రీలు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా వేడికి తనంతట తనే ఆగిపోయేది. మాది మిర్చి యార్డుకి దగ్గర. సీజన్‌లో గాలిలో ఘాటు మాకు అలవాటే గానీ మెషిన్‌కి కాదు. బైక్ మెకానిక్ దగ్గర బ్లోయర్ అడిగి హాష్ బోర్డుల (లెక్కలు చేసే చిప్పులుండే పలకల) మధ్య గాలి కొడితే ఎర్రటి దుమ్ము వచ్చింది, ఇద్దరం తుమ్ముతూ బయటికి పరిగెత్తాం. హీట్‌సింకుల (చిప్పుల వేడి లాగే లోహపు రెక్కల) సందుల్లో జిడ్డుగా అతుక్కున్నది మాత్రం బ్రష్షుతో కూడా పోలేదు.

2022 అక్టోబర్‌లో, వానలు తగ్గాక, మూడు బోర్డుల్లో ఒకటి పోయింది. లాగ్‌లో (మెషిన్ రాసుకునే రికార్డులో) ఆ బోర్డు మీద "0 చిప్పులు దొరికాయి" అన్న అర్థంలో ఒక్క లైను. ఈ మెషిన్‌లో ఒక్కో బోర్డు మీద 126 చిప్పులుంటాయి, ఒక్కటి తెగినా వరస మొత్తం పోవచ్చు. సెల్‌ఫోన్ రిపేర్ చేసేవాళ్లు చేతులెత్తేశారు, దీనికి ప్రత్యేకమైన టెస్టర్ కావాలట. వారంటీ అంటే బోర్డు విదేశానికి పంపాలి, రానుపోను ఖర్చు మనదే. అప్పటికి ఆ గడువూ దాటింది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది టాక్స్. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో ఆదాయం మీద 30 శాతం, పైన సెస్సు. కొన్న ధర తప్ప ఏ ఖర్చూ తీసేయడానికి లేదు. మైనింగ్‌కి పెట్టిన సామగ్రి ఖర్చు కొన్న ధర కిందకి రాదని ఆ మార్చిలోనే ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. మా ఆడిటర్ గారు జూలై నెల లెక్క కాగితం మీద వేసి చూపించారు: వచ్చింది 23 వేలు, కరెంటు 22 వేలు, టాక్స్ దాదాపు 7 వేలు. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది. అమ్మేవాళ్లు ఎవరూ ఈ లెక్క చెప్పరు.

నవంబర్‌లో బిట్‌కాయిన్ 16 వేల డాలర్లకు పడ్డాక మెషిన్ ఆపేశాను. తర్వాత ధర లేచినప్పుడల్లా రెండు బోర్డులతో నడిపాను. టెక్సస్‌లో ఉండే మా బావ అక్కడ చవక కరెంటు, హోస్టింగ్‌లో (డబ్బు తీసుకుని ఇతరుల మెషిన్లు నడిపిపెట్టే చోట) పెడదామన్నాడు. కానీ 2022 సెప్టెంబర్‌లో కంప్యూట్ నార్త్, డిసెంబర్‌లో కోర్ సైంటిఫిక్ అనే హోస్టింగ్ కంపెనీలు దివాలా పిటిషన్లు వేశాయి. మన మెషిన్ ఎవరి షెడ్డులోనో ఇరుక్కుపోతుందని భయమేసి మానుకున్నాం. 2024 ఏప్రిల్ 20న హావింగ్ (బ్లాక్ బహుమతి సగానికి తగ్గడం) జరిగి ఆ బహుమతి 6.25 బిట్‌కాయిన్ల నుంచి 3.125కి తగ్గింది. ఆ మరుసటి నెల మెషిన్‌ని 22 వేల రూపాయలకు అమ్మేశాను.

మొత్తం మీద నాకు వచ్చింది 0.11 బిట్‌కాయిన్. అందులో చాలావరకు కరెంటు బిల్లులకే అమ్ముకున్నాను. అదే 8 లక్షల 60 వేలతో, ధర అంత ఎక్కువలో ఉన్న 2021 నవంబర్‌లోనే నేరుగా కొని ఉంటే 0.18 దాకా వచ్చేది. కొనమని చెప్పడం లేదు, మెషిన్ ఎంత వెనకబడిందో చూపించడానికే ఈ లెక్క. మెషిన్ పనితనానికి 5కి 3 ఇస్తాను, చెప్పిన 100 టెరాహాష్ మొదటి ఏడు నెలలు ఇచ్చింది. మన దగ్గర కరెంటు ధరకి ఇంట్లో పెట్టుకునే పెట్టుబడిగా 5కి 1.

పోయిన నెల మా పిన్ని కొడుకు నరసరావుపేట నుంచి ఫోన్ చేశాడు. సెకండ్ హ్యాండ్ మెషిన్, లక్షా 40 వేలట, 50 వేలు అడ్వాన్స్ పంపమంటున్నారట. కరెంటు బిల్లు ఫోటో, మెషిన్ మీదున్న సీరియల్ నంబర్ ఫోటో పంపరా అన్నాను. మెషిన్ ఆన్‌లో ఉండగా వీడియో కాల్‌లో మూడు బోర్డుల ఉష్ణోగ్రతలూ, పూల్ పేజీ చూపించమని అడగమన్నాను. సాయంత్రానికి వాడి దగ్గర్నుంచి మెసేజ్: "అన్నయ్యా, వీడియో కాల్ కుదరదంటున్నారు." వాడు డబ్బు పంపలేదు.