ఫ్లైబైవైర్ ఏ32ఎన్‌ఎక్స్: ఏళ్లుగా వాడాక, ఏది బగ్గో ఏది కాదో

విమానం నడిపే కంప్యూటర్ గేమ్ మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 ఆగస్టులో విడుదలైనప్పుడు అందులో ఒక ఏ320 నియో ఉండేది. సరదాగా ఎగరేసేవాళ్లకు అది చాలు. అసలు ఎయిర్‌బస్ ఎలా ఆలోచిస్తుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు చాలదు. ఆ విమానాన్నే పట్టుకుని, ఒక్కో సిస్టమ్‌నూ కొత్తగా రాసుకుంటూ కొందరు ఔత్సాహికులు తయారుచేసిందే ఫ్లైబైవైర్ ఏ32ఎన్‌ఎక్స్. పైసా ఖర్చు లేదు. సోర్స్ కోడ్ గిట్‌హబ్‌లో అందరికీ తెరిచే ఉంటుంది. సీఎఫ్ఎమ్ లీప్ ఇంజన్లున్న ఏ320-251ఎన్ మోడల్ ఇది. శంషాబాద్‌లో దిగే ఇండిగో విమానాల్లో ఇదే రకం కూడా ఉంది కాబట్టి మనవాళ్లకు మరీ దగ్గరగా అనిపిస్తుంది.

మొదటి రోజుల నుంచీ దీన్ని వాడుతున్నాను. డబ్బు పెట్టి కొన్న విమానాలు కూడా నా దగ్గర ఉన్నాయి. అయినా ఆఫీసు అయ్యాక హైదరాబాద్ నుంచి విశాఖ దాకా ఒక ట్రిప్పు వేద్దామనిపిస్తే చేయి దీని మీదికే పోతుంది. బొమ్మల గురించి, శబ్దాల గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. అవి బాగున్నాయి, వీడియోల్లో ఎవరైనా చూసుకోవచ్చు. నేను చెప్పాలనుకున్నది సమస్యల గురించి.

కొత్తగా మొదలుపెట్టిన కుర్రాళ్లు తరచూ మెసేజ్ పెడుతుంటారు. "అన్నా, ఇందులో బగ్గుంది, తీసేసి వేరేది కొనుక్కోనా?" అని. వాళ్లవీ నావీ కలిపి ఇన్నేళ్లుగా చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: ఈ విమానంలో బగ్గుగా కనిపించేవాటిలో ఎక్కువ భాగం మూడు చోట్ల నుంచే వస్తాయి. మన చేతిలోని జాయ్‌స్టిక్, మన కమ్యూనిటీ ఫోల్డర్, ఎయిర్‌బస్‌కు ఉన్న సొంత లాజిక్. ఈ మూడూ చూసుకున్నాక కూడా మిగిలిందే అసలు బగ్గు.

ముందు థ్రాటిల్ సంగతి. అందరూ మొదట తట్టుకునేది ఇక్కడే. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు సముద్ర మట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తులో ఉంది. టేకాఫ్ అయ్యాక థ్రస్ట్, అంటే ఇంజన్ పవర్, తగ్గించాల్సిన ఎత్తు మామూలుగా రన్‌వేకి 1,500 అడుగుల పైన. అంటే ఆల్టిమీటర్‌లో 3,500 దగ్గరికి రాగానే పైలట్ ముందుండే ప్రధాన స్క్రీన్ పీఎఫ్‌డీ పై వరుసలో ఎల్‌వీఆర్ సీఎల్‌బీ అని తెల్లగా మెరుస్తుంది. లీవర్‌ను క్లైంబ్ గాడిలోకి వెనక్కి లాగమని దానర్థం. లాగుతాం. ఒక్కోసారి మెరుపు ఆగదు. ఇంజన్ పవర్‌ను దానంతటదే సర్దే ఆటోథ్రస్ట్ అడిగినంత పవర్ ఇవ్వదు, ఎక్కాల్సిన విమానం నీరసంగా ఎక్కుతుంది. లేకపోతే దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, లీవర్ గాడి దాటి ముందే ఉండిపోయి స్పీడ్ పెరిగిపోతుంటుంది.

అసలు ఎయిర్‌బస్‌లో ఆటోథ్రస్ట్ నడుస్తున్నప్పుడు లీవర్లు కదలవు. క్లైంబ్ గాడిలో అలాగే నిలబడి ఉంటాయి, ఇంజన్ పవర్ మాత్రం మారుతుంటుంది. లీవర్ ఆ గాడికి కిందుంటే అదే గరిష్ఠ హద్దు అయిపోతుంది. మన బల్ల మీది ప్లాస్టిక్ లీవర్‌కు చాలావరకు గాడులే ఉండవు. అందుకే ఫ్లైప్యాడ్‌లో, అంటే కాక్‌పిట్‌లోని ఆ ట్యాబ్లెట్‌లో, సెట్టింగ్స్‌లోకి వెళ్లి థ్రాటిల్ క్యాలిబ్రేషన్ చేసుకోవాలి. లీవర్ ఎక్కడుందో అక్కడ మైనస్ 1 నుంచి ప్లస్ 1 వరకు ఒక అంకె చూపిస్తుంది. క్లైంబ్ అనుకున్న చోట లీవర్ పెట్టి, చేయి తీసేసి ఆ అంకెనే కాసేపు చూడండి. సాధారణంగా అది ఒక చోట నిలవదు. రెండో దశాంశం అటూ ఇటూ ఊగుతుంటుంది. ఆ ఊగిసలాట మొత్తం లోపల ఇమిడేలా కింది హద్దు, పై హద్దు పెట్టాలి. పక్క గాడి హద్దులతో కలిసిపోకూడదు. ఐడిల్, క్లైంబ్, ఫ్లెక్స్ (తగ్గించిన టేకాఫ్ పవర్), టోగా (పూర్తి పవర్), రివర్స్ అన్నిటికీ ఇదే పద్ధతి. చివర్లో సేవ్ చేసి అప్లై నొక్కాలి.

ఇంత చేశాక కూడా కొన్ని నెలలకు మళ్లీ మొదలవుతుంది. లోపలి పొటెన్షియోమీటర్‌లో దుమ్ము చేరుతుంది, అరుగుతుంది, అదే చోట లీవర్ పెట్టినా అంకె మారుతుంది. విమానం అప్‌డేట్ అయిన మర్నాడే ఇది కనిపిస్తే అందరూ అప్‌డేట్‌ను తిడతారు. ముందు ఆ అంకె చూడండి. రెండు లీవర్లున్న సెట్ వాడేవాళ్లకు మరో గుర్తు కూడా ఉంది. ఒకటి గాడిలో పడి రెండోది పడకపోతే ఎల్‌వీఆర్ ఏసిమ్ అని కాషాయ రంగులో వస్తుంది. లీవర్లలో ఒకటి గాడిలో లేదని అక్కడే తెలిసిపోతుంది. సిమ్యులేటర్ సెన్సిటివిటీ పేజీలో థ్రాటిల్ గీతను మాత్రం తిన్నగానే వదిలేయండి. అక్కడ ఒకసారి వంచి, ఫ్లైప్యాడ్‌లో మళ్లీ సరిచేయబోతే చిక్కుముడి పడుతుంది.

ఆటోపైలట్ దానంతటదే ఊడిపోవడం ఇదే కుటుంబానికి చెందింది. క్రూజ్‌లో హాయిగా పోతుండగా క్యావల్రీ ఛార్జ్ అనే హెచ్చరిక శబ్దం మోగుతుంది, ఏపీ1 లైటు ఆరిపోతుంది. జాయ్‌స్టిక్ మధ్యలో సరిగ్గా నిలవక కాస్త ఎక్కువగా ఊగితే, పైలట్ స్టిక్ కదిపాడని విమానం అనుకుంటుంది. అసలు ఎయిర్‌బస్ కూడా స్టిక్‌ను గట్టిగా కదిపితే ఆటోపైలట్‌ను వదిలేస్తుంది. కొంచెం డెడ్ జోన్, అంటే చిన్న కదలికలను పట్టించుకోని జాగా, పెడితే తగ్గుతుంది. ఇంకొకటి ఉంది. కంప్యూటర్‌కు ఏ కంట్రోలర్ తగిలించినా సిమ్యులేటర్ తనంతట తాను కొన్ని బటన్లు, యాక్సిస్‌లు కేటాయించేస్తుంది. ఎక్స్‌బాక్స్ ప్యాడ్ మూలన పడి ఉన్నా అది కూడా రడ్డర్‌ను తిప్పుతూనే ఉంటుంది. ఒక్కో కంట్రోలర్ ప్రొఫైల్ తెరిచి, ఒకే పని రెండు చోట్ల ఉందేమో చూసి తీసేయాలి. అసిస్టెన్స్ మెనూలో ఆటో ట్రిమ్ (విమానం ముక్కును దానంతటదే సర్దడం) లాంటి సాయాలన్నీ ఆపేయాలి. ఈ విమానానికి తన ఫ్లైట్ కంట్రోల్ కంప్యూటర్లున్నాయి. మధ్యలో సిమ్యులేటర్ కూడా ట్రిమ్ తిప్పితే ముక్కు పైకీ కిందికీ ఊగుతుంది.

ఇక కమ్యూనిటీ ఫోల్డర్. విమానాలు, ఎయిర్‌పోర్టులు, పెయింట్లు అన్నీ వచ్చి చేరేది అక్కడే. నాకు తగిలిన వాటిలో బాగా గుర్తున్నది, ఒక రోజు కాక్‌పిట్‌లో డిస్‌ప్లేలన్నీ నల్లగా ఉండిపోవడం. బ్యాటరీలు ఆన్, ఎక్స్‌టర్నల్ పవర్ ఆన్, ఓవర్‌హెడ్ ప్యానెల్‌లో లైట్లు వెలుగుతున్నాయి, స్క్రీన్లు మాత్రం రావు. విమానాన్ని తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అంతే. చివరికి తేలిందేమిటంటే, ఎక్కడినుంచో దింపుకున్న ఒక పెయింట్ ప్యాక్‌లో రంగుతో పాటు పాత ప్యానెల్ ఫైలు కూడా పెట్టి ఇచ్చారు. ఆ పెయింట్ ఎంచుకున్నప్పుడల్లా కొత్త విమానానికి పాత ప్యానెల్ తగులుకునేది. ఫ్యాక్టరీ రంగుతో లోడ్ చేస్తే స్క్రీన్లు వెంటనే వచ్చాయి.

అప్పటినుంచీ నా పద్ధతి ఒకటే. కమ్యూనిటీ ఫోల్డర్ పేరు మార్చి, కొత్తగా ఖాళీది పెట్టి, అందులో ఏ32ఎన్‌ఎక్స్ ఒక్కటే ఉంచుతాను. అదే ఎయిర్‌పోర్టు, అదే గేటు. సమస్య పోతే మిగతావాటిలో సగం తిరిగి వేస్తాను. మళ్లీ వస్తే ఆ సగంలోనే దొంగ ఉన్నాడు, రాకపోతే రెండో సగంలో. అలా సగం సగం చేసుకుంటూ పోతే వందల ప్యాకేజీలున్నా త్వరగానే దొరుకుతుంది. యాడాన్ లింకర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంటే ఫోల్డర్లు మోసే పని కూడా తప్పుతుంది. సిమ్యులేటర్ మొత్తం క్రాష్ అయి డెస్క్‌టాప్ మీదికి వస్తే, మళ్లీ తెరిచినప్పుడు సేఫ్ మోడ్ కావాలా అని అడుగుతుంది. కావాలనండి. సేఫ్ మోడ్‌లో కమ్యూనిటీ ఫోల్డర్ లోడ్ కాదు. మామూలు విమానంతో కూడా క్రాష్ అయితే డ్రైవర్, మెమరీ వైపు వెతకాలి. ఈ విమానానికి దాంతో సంబంధం లేదు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. విమానం సరిగ్గా పనిచేస్తూనే తప్పు చేస్తున్నట్టు కనిపించే సందర్భాలు.

టాప్ ఆఫ్ డిసెంట్, అంటే దిగడం మొదలుపెట్టాల్సిన చోటు, దగ్గరికి వస్తాం. నావిగేషన్ డిస్‌ప్లే మీద బాణం గుర్తు వెనక్కి పోతుంది, విమానం మాత్రం అదే ఎత్తులో ముందుకు వెళ్తుంటుంది. "అన్నా, దిగట్లేదు" అని మెసేజ్. ఎయిర్‌బస్ ఎప్పుడూ దానంతటది దిగడం మొదలుపెట్టదు. కింది ఎత్తు సెట్ చేసి, ఆ ఎత్తు నాబ్‌ను నొక్కితే మేనేజ్డ్, లాగితే ఓపెన్ డిసెంట్. నొక్కడం అంటే కంప్యూటర్‌కు అప్పగించడం, లాగడం అంటే మన చేతుల్లోకి తీసుకోవడం. స్పీడ్‌కూ హెడింగ్‌కూ (విమానం ముక్కు దిశకూ) అదే నియమం. ఈ ఒక్క ముక్క ఒంటబడితే సగం ఫిర్యాదులు మాయమవుతాయి.

విశాఖ ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే అక్కడ ఇది కచ్చితంగా బయటపడుతుంది. రన్‌వే 28కి ఐఎల్‌ఎస్, అంటే రేడియో సంకేతాలతో దిగే దారి, సముద్రం వైపు నుంచి వస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఊరు దాటి సముద్రం మీదికి వెళ్లి తిరిగి రావాలి. వ్యాట్‌సిమ్ అనే ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లో కంట్రోలర్ ఉంటే హెడింగ్‌లు ఇచ్చి తిప్పుతాడు. లేకపోయినా చాలామంది హెడింగ్ నాబ్ లాగి తామే తిప్పుకుంటారు. 10,000 అడుగుల కింద 250 నాట్లు, బాగానే ఉంది. రన్‌వే దగ్గరపడుతున్నా స్పీడ్ 250 మీదే ఉంటుంది. ఫ్లాప్స్ వేద్దామంటే స్పీడ్ ఎక్కువ. టెన్షన్ మొదలవుతుంది. స్పీడ్ బగ్గు అనేది ఎక్కువగా వినబడేది ఇక్కడే.

జరిగేది ఇది. ఫ్లైట్ ప్లాన్‌లో డీసెల్ అని ఒక గుర్తు ఉంటుంది. ప్లాన్ గీత వెంట నడిపే న్యావ్ మోడ్‌లో ఆ గుర్తు దాటితే అప్రోచ్ ఫేజ్ దానంతటదే మొదలై మేనేజ్డ్ స్పీడ్ తగ్గుతుంది. హెడింగ్ మోడ్‌లో ఉంటే విమానం ప్లాన్ గీత మీద లేదు కదా, కాబట్టి ఆ ఫేజ్ మొదలవదు. కంప్యూటర్ ఇంకా డిసెంట్‌లోనే ఉన్నాననుకుంటుంది. ఫ్లైట్ ప్లాన్ ఎక్కించే కీబోర్డు ఎంసీడీయూలో పర్ఫ్ పేజీ తెరిచి, యాక్టివేట్ అప్రోచ్ ఫేజ్ పక్కనున్న కీ ఒకసారి, కన్ఫర్మ్ అని వచ్చాక ఇంకోసారి నొక్కితే చాలు. స్పీడ్ టేప్ మీద మెజెంటా త్రిభుజం గ్రీన్ డాట్ (ఫ్లాప్స్ లేకుండా ఎగరాల్సిన స్పీడ్ గుర్తు) వైపు జారడం కళ్లెదుటే కనిపిస్తుంది. ఒక్కో ఫ్లాప్‌తో ఇంకొంచెం కిందికి దిగుతుంది. అసలు ఏ320 పైలట్లు కూడా వెక్టర్స్ మీద ఉన్నప్పుడు ఇదే చేస్తారు. ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ఇంత సూక్ష్మం కూడా రాసిపెట్టారంటే నాకు వాళ్ల మీద ఎంతో గౌరవం.

నావిగేషన్ డేటా గురించి క్లుప్తంగా. ప్రపంచవ్యాప్తంగా ఈ డేటా విడత, అంటే ఎయిరాక్ సైకిల్, 28 రోజులకోసారి మారుతుంది. ఫ్లైట్ ప్లాన్ తయారుచేసే సైట్ సింబ్రీఫ్ ఉచితంగా వాడేవాళ్లకు వచ్చేది పాత సైకిల్. విమానంలో ఉన్నది కొత్తదైతే కొన్ని వేపాయింట్ల పేర్లు, కొన్ని రూట్లు కలవవు. ప్లాన్ దింపుకోగానే ఎఫ్-ప్లాన్ పేజీని చివరిదాకా తిప్పి చూడండి. డిస్‌కంటిన్యుటీ, అంటే రూట్ తెగిన చోటు, ఉంటే అది ఎక్కడ ఉందో, ఎందుకుందో చూసుకుని క్లియర్ చేయాలి. నావిగేషన్ డేటా అమ్మే నావిగ్రాఫ్‌కు చందా కడితే రెండు వైపులా ఒకే సైకిల్ ఉంటుంది, ఈ గొడవ చాలావరకు పోతుంది.

వెర్షన్ల విషయంలో నా మాట స్పష్టం. ఇన్‌స్టాలర్‌లో స్టేబుల్, డెవలప్‌మెంట్ అని రెండుంటాయి. డెవలప్‌మెంట్‌లో కోడ్ ఎప్పటికప్పుడు మారుతుంది. నిన్న లేనిది ఇవాళ ఉండొచ్చు. కొత్త ఫీచర్ల మీద ఆసక్తి ఉండి, తప్పు కనిపిస్తే చెప్పే ఓపిక ఉన్నవాళ్లకు అది. వారాంతంలో ఒక ఫ్లైట్ ప్రశాంతంగా పూర్తిచేయాలనుకునేవాళ్లు స్టేబుల్ దగ్గరే ఉండండి. సగంలో సేవ్ చేసి తర్వాత లోడ్ చేసుకోవడం, సిమ్ రేట్ (సిమ్యులేటర్‌లో కాలం నడిచే వేగం) బాగా పెంచడం లాంటివి ఏ వెర్షన్‌లోనూ నేను చేయను. ఇన్ని సిస్టమ్‌లు ఒకదాని మీద ఒకటి లెక్కలు వేసుకుంటున్నప్పుడు కాలాన్ని పరుగెత్తిస్తే మలుపుల్లో రెక్కలు ఊగుతాయి. ప్రాసెసర్ మీద భారం కూడా తక్కువేమీ కాదు. పాత ప్రాసెసర్ ఉన్నవాళ్లు పెద్ద ఎయిర్‌పోర్టుల్లో గ్రాఫిక్స్ కంటే ముందు ట్రాఫిక్ తగ్గించి చూడాలి.

పై మూడు పరీక్షలూ అయ్యాక, ఖాళీ ఫోల్డర్‌లో, వేరే ఎయిర్‌పోర్టులో కూడా అదే తప్పు మళ్లీ వస్తే, అప్పుడు దాన్ని బగ్గు అందాం. గిట్‌హబ్‌లో ఇష్యూ తెరవండి. అంతకంటే ముందు అదే విషయం ఎవరైనా రాశారేమో వెతకండి. రాసేటప్పుడు విమానం ఫోల్డర్‌లో ఉండే బిల్డ్ ఇన్ఫో ఫైలులోని వివరాలు అతికించండి. ఏ గేటు నుంచి బయల్దేరారు, అప్పటికి ఏ ఫేజ్‌లో ఉన్నారు, పీఎఫ్‌డీ పై వరుసలో ఏం రాసి ఉంది, మళ్లీ రప్పించాలంటే ఏ ఏ మెట్లు అన్నవి వరుసగా రాయండి. ఎఫ్‌ఎంఏ అనే ఆ పై వరుస కనిపించే ఒక స్క్రీన్‌షాట్ తప్పకుండా జతచేయండి. ఆటోపైలట్, ఆటోథ్రస్ట్ విషయంలో డెవలపర్లు మొట్టమొదట అడిగేది దాన్నే.

ఇదే బృందం 2024 అక్టోబరులో ఏ380ఎక్స్‌ను కూడా ఉచితంగానే విడుదల చేసింది. ఫ్లైప్యాడ్, థ్రాటిల్ క్యాలిబ్రేషన్ అక్కడ కూడా దాదాపు ఇలాగే ఉంటాయి కాబట్టి ఇక్కడ నేర్చుకున్నది అక్కడ పనికొస్తుంది. కానీ దానికి ఇంకా బలమైన కంప్యూటర్ కావాలి. మొదటిసారి ఎయిర్‌బస్ నేర్చుకునేవాళ్లు ఏ32ఎన్‌ఎక్స్‌తోనే మొదలుపెట్టండి. హైదరాబాద్–విశాఖ గంట పట్టే రూట్, ఫ్లైట్‌లోని అన్ని దశలూ అందులో వచ్చేస్తాయి.